ఖాసిం గారి వెచ్చటి ఫ్రిజ్

పోయిన నెల బాపట్లలో వ్యవసాయ పరికరాల ప్రదర్శన పెడితే, పనేమీ లేకపోయినా వెళ్ళాను. ముప్పై ఏళ్ళు పత్రికలో పనిచేసి ఇంటికొచ్చినవాడికి జనం పోగైన చోటికి కాళ్ళు వాటంతట అవే పోతాయి. ట్రాక్టర్లూ, మందు కొట్టే డ్రోన్లూ దాటుకుని చివరి వరసకు వచ్చేసరికి అక్కడ కోడిగుడ్లు పొదిగే యంత్రం ఒకటి కనిపించింది. పసుపుపచ్చ ప్లాస్టిక్ పెట్టె, దాని నుదుటి మీద ఎర్ర అంకెలు. అమ్మకానికి నిలబడ్డ యువకుడు నన్ను చూసి హుషారుగా మూత ఎత్తాడు. లోపల అప్పుడే పెంకు విడిచిన రెండు పిల్లలు, ఇంకా విడవని గుడ్లు కొన్ని. తడి ఈకా వెల్లసున్నమూ కలిసినట్టుండే వెచ్చటి వాసన ముఖానికి తగిలింది. "గుడ్లు పెట్టేసి ఇరవై ఒక్క రోజులు మర్చిపోండి సార్, అన్నీ అదే చూసుకుంటుంది," అన్నాడతను. "ముందు ఆ మూత వెయ్యి బాబూ," అన్నాను. "ఏం కాదు సార్, చూపించడానికేగా పెట్టింది," అని నవ్వాడు. మూత పడేదాకా నాకు ఊపిరాడలేదు.

ఆ వాసన నాకు మొదట తెలిసింది రేపల్లెలో, ఖాసిం గారి వసారాలో, ఒక పాడైపోయిన ఫ్రిజ్ తలుపు తీసినప్పుడు. ఆ తలుపు నేను తియ్యకుండా ఉండాల్సింది.

అప్పుడు నేను రేపల్లెలో మా పత్రికకు కొత్తగా చేరిన విలేకరిని. స్టేషనుకు పోయే దారిలో ఒక పెంకుటింట్లో సగం వాటా అద్దెకు తీసుకున్నాను. మిగతా సగంలో ఖాసిం గారూ, ఆయన భార్య ఫాతిమా గారూ ఉండేవాళ్ళు. ఆయన ఫ్రిజ్‌లు బాగుచేసేవారు. పదహారో ఏట తెనాలిలో ఒక ఐసు ఫ్యాక్టరీలో చేరి, అక్కడే పని నేర్చుకుని, పెళ్ళయ్యాక రేపల్లె వచ్చి స్థిరపడ్డారు. పొట్టిగా, గట్టిగా, ఎప్పుడూ గ్రీజు మరకల బనీనుతో ఉండేవారు. నేను ఆయన్ని బాబాయ్ అనేవాణ్ణి, ఆవిడని పిన్నీ అనేవాణ్ణి. ఆయన నన్ను "పేపరు బాబూ" అని పిలిచేవారు. మొదట్లో అందులో వెటకారం ఉందేమోనని అనుమానపడ్డాను. ఉంది కూడా.

ఆయన పని చేసే తీరు చూడటానికే నేను సాయంత్రాలు వసారాలో కూర్చునేవాణ్ణి. ఎవరైనా ఫ్రిజ్ తెస్తే ఆయన వెంటనే స్క్రూడ్రైవరు పట్టేవారు కాదు. ముందు అడిగేవారు. "ఎప్పటి నుంచమ్మా?" "పోయిన వారం నుంచండి." "పోయిన వారం అంటే ఏ రోజు?" "ఏమో, బుధవారమో గురువారమో..." "బుధవారం మీ వీధిలో కరెంటు పోయిందా?" "పోయిందండి, రెండుసార్లు." "పాలు విరిగింది కరెంటు పోకముందా, వచ్చాకా?" అప్పటికి ఆ ఇల్లాలికి విసుగొచ్చేది. "బాగుచేస్తారా, కేసు పెడతారా సాయిబు గారూ?" అని ఒకావిడ అడిగేసింది కూడా. ఆయన నవ్వి, ఆ తర్వాత కంప్రెసరుకు చెవి ఆనించి, కళ్ళు మూసుకునేవారు. ఎదుటివాళ్ళు చెప్పే మొదటి జవాబు దగ్గర ఆగకూడదని నాకు ఏ శిక్షణ తరగతిలోనూ ఎవరూ చెప్పలేదు. ఆ వసారాలో మడతకుర్చీలో కూర్చుని నేర్చుకున్నాను.

మా పెరటి గోడకు అవతల రమణమ్మ ఉండేది. భర్త రైసుమిల్లులో హమాలీ. ఆమెకు పదీ పన్నెండు నాటుకోళ్ళుండేవి. బొగ్గు నలుపు, మెడ చుట్టూ మాత్రం ఇత్తడి రంగు ఈకలు. కాపురానికి వచ్చేటప్పుడు కాకుమానులో తన తల్లి పెంచిన కోళ్ళలోంచి రెండు పెట్టల్ని గంపలో పెట్టుకుని బస్సులో తెచ్చుకుందట. ఈ కోళ్ళన్నీ వాటి సంతతే. తల్లి పోయింది, ఆ ఊళ్ళో ఆ కోళ్ళూ పోయాయి. "మా అమ్మవి ఇవే మిగిలాయి బాబూ," అనేది. ఆ ఏడు వేసవి మొదట్లో కొక్కెర తెగులు వచ్చి నాలుగు రోజుల్లో అన్నిటినీ ఊడ్చుకుపోయింది. తెగులు రాకముందు ఏరి బియ్యం కుండలో దాచిన పదమూడు గుడ్లు మాత్రం మిగిలాయి. పొదగడానికి ఒక్క పెట్ట లేదు. ఊళ్ళో పొదుగు మీదున్న కోడి ఎక్కడైనా దొరుకుతుందేమోనని రెండు రోజులు తిరిగింది. తెగులు భయంతో ఎవరూ ఇవ్వలేదు. మూడో రోజు పొద్దున్నే కుండ చంకనెత్తుకుని వచ్చి ఖాసిం గారి ముందు నిలబడింది.

"అన్నయ్యా, నీ దగ్గర చల్లబెట్టే పెట్టెలు ఇన్ని ఉన్నాయిగా. వెచ్చబెట్టేది ఒక్కటీ లేదా?"

ఆయన నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు. కుండలోకి చూసి, "ఎన్నాళ్ళయింది పెట్టి?" అని అడిగారు. "పాతది తొమ్మిది రోజులు." "ఏ పూట పెట్టింది?" అని మళ్ళీ అడిగారు. ఆమె నుదురు కొట్టుకుంది.

ఇనప సామానుకు వెయ్యడానికి పక్కన పడేసిన పాత ఫ్రిజ్ ఒకటుంది. కంప్రెసరు కాలిపోయింది గానీ పెట్టె గట్టిది. "చలి లోపలుంచే గోడ వేడిని మాత్రం బయటికి పోనిస్తుందా?" అన్నారాయన. మరునాటికి దాని లోపల కింద రెండు బల్బులు, వెనక ఒక పాత కంప్యూటరు లోంచి పీకిన చిన్న ఫ్యాను, మధ్యలో జాలీ, కింది అరలో నీళ్ళ పళ్ళెం అమరాయి. వేడి ఎక్కువైతే బల్బులు ఆర్పి, తగ్గితే వెలిగించడానికి గీజరులో ఉండే థర్మోస్టాట్ తెనాలి నుంచి తెప్పించారు. తలుపుకు అరచేతి వెడల్పు కన్నం కోసి అద్దం బిగించారు, లోపల వేలాడదీసిన థర్మామీటరు కనబడేలా. రమణమ్మ గుడ్లు పెట్టెయ్యమంది. ఆయన ఒప్పుకోలేదు. ఒక రోజంతా, మర్నాడు మధ్యాహ్నం దాకా ఖాళీ పెట్టెనే నడిపించారు. గంటకోసారి అద్దంలోంచి చూసి గోడ మీద సుద్దతో అంకె వేశారు. "ఖాళీ పెట్టెని ఇంత చూసుకునే మనిషి పెళ్ళయిన కొత్తలో నన్నొక్కసారి చూశాడా అడుగు," అంది ఫాతిమా పిన్ని నాతో. "నువ్వు వేడెక్కితే ఆర్పే థర్మోస్టాట్ ఇంకా తయారు కాలేదు," అన్నారాయన, సుద్ద పట్టుకునే.

గుడ్లు శనివారం పెట్టారు. రోజుకు నాలుగుసార్లు తిప్పాలి, లేకపోతే లోపలి పిల్ల పెంకుకు అంటుకుపోతుంది. ఏ వైపు పైకుందో తెలియడానికి ఒక వైపు ఖాసిం గారు పెన్సిలుతో ఇంటూ గుర్తు వేశారు. రెండో వైపు రమణమ్మ కుంకుమ బొట్టు పెట్టింది. "పొద్దున బొట్టు పైకి, మధ్యాహ్నం ఇంటూ పైకి," అని ఇద్దరూ మాట్లాడుకోవడం నాకిప్పటికీ వినిపిస్తుంది. గుడ్లు పొదగేసిన గంపలో ఉరుములకు చెడిపోకుండా ఇనప ముక్క పెట్టడం రమణమ్మ వాళ్ళ ఆనవాయితీ. ఒకరోజు విరిగిన కొడవలి ముక్క తెచ్చింది. ఫ్రిజ్ లోపల పెడితే వేడి లెక్క తప్పుతుందని ఆయనకు తెలుసు. కాదంటే ఆమెకు రోజంతా భయం. "లోపలెందుకు చెల్లెమ్మా, పైన పెడదాం. ఉరుముకి పైనే కదా దగ్గర," అన్నారు. ఆమె క్షణం ఆలోచించి, "అదీ నిజమే," అని తృప్తిగా ఫ్రిజ్ నెత్తిన పెట్టి వెళ్ళింది. పగలు కరెంటు పోతే ఫాతిమా పిన్ని వేన్నీళ్ళ సీసాలు సిద్ధం చేసేది. ఆ పెట్టె మా రెండు వాటాల వాళ్ళకీ, గోడవతల వాళ్ళకీ ఉమ్మడి అయిపోయింది.

ఏడో రోజు చెప్పుల పెట్టెకు కన్నం పెట్టి, లోపల టార్చి వెలిగించి, గుడ్లను ఒక్కొక్కటిగా ఆ కన్నం మీద నిలబెట్టారు. రెండు ఖాళీగా వెలిగాయి, వాటిని పక్కన పెట్టారు. పదకొండింటిలో ఎర్రటి సన్న నరాలు, నడుమ ఆవగింజంత చుక్క, అది కొట్టుకుంటోంది. గలగలా మాట్లాడే రమణమ్మ టార్చి దగ్గరికి వంగి చూసింది. తర్వాత మెల్లగా, "కోడి కింద పెట్టినప్పుడు ఇది చూడలేదన్నయ్యా," అంది. ఆ రోజు నాకు మంచి వార్త దొరికిందని తోచింది. తోచడంలో తప్పులేదు.

పద్దెనిమిదో రోజు, బుధవారం, ఖాసిం గారు గుడ్లు తిప్పడం ఆపేశారు. పళ్ళెంలో నీళ్ళు రెట్టింపు చేసి, తలుపు మూసి, అంచుకు నల్ల టేపు అంటించారు. "ఇక మూడు రోజులు లోపల తేమ పోకూడదు. పిల్ల పెంకు పగలగొట్టేటప్పుడు గాలి పొడిగా తగిలితే పొర ఎండిపోయి ఒంటికి చుట్టుకుపోతుంది. ఇప్పుడు మన పని చేతులు కట్టుకోవడమే," అని అందరికీ చెప్పారు. నేనూ విన్నాను. అది నా నోటుపుస్తకంలో రాసుకున్నాను కూడా.

శుక్రవారం పొద్దున తెనాలి ఆఫీసు నుంచి మా డెస్కు ఇన్‌చార్జి ఫోన్ చేశారు. నేను ముందే చెప్పి ఉంచిన కోడిపిల్లల కథనం ఆదివారం పేజీలో పెడుతున్నామనీ, ఫోటో, వార్త మధ్యాహ్నం రైలుకు అందాలనీ చెప్పారు. ఆ రోజుల్లో మా వార్తల కవరు తెనాలి పాసింజరులోనే వెళ్ళేది. అద్దంలోంచి తీస్తానన్నాను. "తలుపు మూసిన ఫ్రిజ్‌ని పొద్దున్నే కాఫీ తాగుతూ ఎవరు చూస్తారండీ?" అన్నారాయన. అద్దం నిండా ఆవిరి పట్టి ఉంది, ఏమీ కనబడటం లేదు. ఖాసిం గారు జుమ్మా నమాజుకు వెళ్ళారు. పిన్ని వంటింట్లో ఉంది. టేపు తీసి తలుపు తెరిచాను. అప్పుడే ఆ వాసన ముఖానికి కొట్టింది. మూడు గుడ్ల మీద నక్షత్రంలా పగుళ్ళు, లోపల్నుంచి సన్నగా కిచకిచ. కెమెరా ఎత్తేసరికి లెన్సు మీద ఆవిరి కమ్మేసింది. తుడిచాను. మళ్ళీ కమ్మింది. తలుపు బార్లా తెరిచి ఉంచి, ఆవిరి ఆరేదాకా ఆగి, ఏడెనిమిది ఫోటోలు తీశాను. లోపల ఫ్యాను తిరుగుతూనే ఉంది, ఆ తేమనంతా వసారాలోకి ఊదేస్తూ. ఎంతసేపో తెలియదు. గడియారం చూసుకోలేదు. తర్వాత టేపు అంటించి, నా గదిలో కూర్చుని, ఆదివారానికి ఎటూ జరిగేదే కదా అని, "పదకొండు గుడ్లూ పిల్లలయ్యాయి, రమణమ్మ కళ్ళలో ఆనందం," అని రాసి, కవరు రైలెక్కించాను.

శనివారం మధ్యాహ్నానికి మూడు పిల్లలు బయటికొచ్చాయి. మిగతావి పగుళ్ళ దగ్గరే ఆగిపోయాయి. సాయంత్రం ఖాసిం గారు తలుపు తీసి, ఒక గుడ్డు చేతిలోకి తీసుకుని, పగులులోంచి వేలి కొనతో తడిమారు. పొర కాగితంలా ఎండి, గోధుమరంగుకు తిరిగి, పిల్లను బిగించేసి ఉంది. గోరువెచ్చని నీళ్ళలో గుడ్డ ముంచి, రెండు గంటలు ఒక్కొక్క గుడ్డు దగ్గరా కూర్చున్నారు. ఒకటి దక్కింది. ఏడు పోయాయి. ఆయన టేపు వైపు చూశారు. నా వైపు చూడలేదు. రమణమ్మ వస్తే, "నీళ్ళు తక్కువ పెట్టానేమో చెల్లెమ్మా, నాదే పొరపాటు," అన్నారు. ఆమె, "నాలుగైనా దక్కాయి, చాలన్నయ్యా," అని కొంగుతో కళ్ళు తుడుచుకుని, నాలుగింటినీ గంపలో పెట్టుకుని వెళ్ళింది. నేను అక్కడే ఉన్నాను. నోరు తెరవలేదు. చనిపోయిన ఏడింటినీ ఆయన పెరట్లో గొయ్యి తీసి పూడ్చారు.

ఆదివారం పేపరు వచ్చింది. ఎనిమిదయ్యేసరికి వసారా నిండా జనం. కొందరు ఆడవాళ్ళు పొదిగించమని కొంగున గుడ్లు కట్టుకుని వచ్చారు. వీధి చివర పాల కేంద్రం నడిపే ఆయన పేపరు పైకెత్తి అందరికీ చదివి వినిపించి, "ఏంటి సాయిబు గారూ, పేపర్లో పదకొండు, రమణమ్మ గంపలో నాలుగు! మిగతా ఏడూ ఏమయ్యాయండీ? బిర్యానీకి మరీ చిన్నవి కదా!" అన్నాడు. అందరూ నవ్వారు. హాస్యంగానే అన్నాడు.  కానీ ఆ నవ్వు ఆగాక కొంగు ముడి విప్పబోయిన ఒకావిడ మళ్ళీ బిగించుకుంది. రమణమ్మ ఖాసిం గారి ముఖంలోకి చూసింది. ఒక్క క్షణమే. ఇరవై ఏళ్ళుగా అన్నయ్యా అని పిలిచిన మనిషిని ఆ ఒక్క క్షణం అచ్చులో పడ్డ అంకెతో సరిచూసుకుంది. ఆయన ఆ చూపు చూశారు. పెరట్లోకి తీసుకెళ్ళి గొయ్యి తవ్వి చూపించవచ్చు. అది చెయ్యలేదు. స్పానరు గుడ్డతో తుడుస్తూ నిలబడ్డారు.

"ఆ ఏడూ నా వల్ల పోయాయి," అన్నాను.  "శుక్రవారం బాబాయ్ నమాజుకు వెళ్ళినప్పుడు తలుపు తీశాను. పదకొండని పుట్టకముందే రాశాను. ఆయన తప్పు ఏమీ లేదు."

రమణమ్మ నన్ను చూసింది. "ఫోటో కోసమా బాబూ?" అని మాత్రం అడిగింది. తిట్టి ఉంటే బాగుండేది.

జనం వెళ్ళాక నేను ఖాసిం గారి పక్కన కూర్చున్నాను. "నాకు శనివారమే తెలిసింది. టేపు అంటించడం నీకు చేతకాదు," అన్నారు. "మరి అప్పుడే అనొచ్చుగా బాబాయ్." "చెప్తావేమోనని చూశా." మళ్ళీ ఆయనే అన్నారు, "పిల్లలు పోయాయంటే, అది నా చేతిలోనైనా జరిగేదే. మొదటిసారి చేసిన పెట్టె. కానీ జరగనిది జరిగిందని రాశావు చూడు, దానికి నా దగ్గర స్పానరు లేదు. అది మీ ఆఫీసులోనే బిగించుకు రావాలి."

మధ్యాహ్నం రైలుకు తెనాలి వెళ్ళాను. సవరణ వెయ్యాలని చెబితే డెస్కు ఇన్‌చార్జి కుర్చీలో వెనక్కి వాలి నవ్వారు. "కోడిపిల్లలకి సవరణేంటండీ! ఇవాళ కోళ్ళకేస్తే రేపు బాతులొచ్చి అడుగుతాయి." నేను కదలలేదు. ఆయన పేజీలు చూసుకున్నారు, టీ తాగారు, మళ్ళీ పేజీలు చూసుకున్నారు. నేను అక్కడే ఉన్నాను. చివరికి, "రెండు వాక్యాలు, అంతకు మించి స్థలం లేదు," అన్నారు. పిల్లలయినవి నాలుగే అని ఒకటి, మా విలేకరి తలుపు తెరిచినందువల్ల మిగిలిన ఏడు చనిపోయాయని ఒకటి రాసిచ్చాను. రెండోది చదివి ఆయన నన్ను ఒకసారి ఎగాదిగా చూసి, మార్చకుండా కంపోజింగుకు పంపారు. పేజీ అడుగున, నువ్వుగింజంత అక్షరాల్లో పడింది. పాల కేంద్రం ఆయన చేతే దాన్ని అందరి ముందూ చదివించుకుంది రమణమ్మ. "నా కోళ్ళ సంగతి పేపర్లో రెండుసార్లు పడింది. మన పేటలో ఇంకెవరికైనా పడిందా?" అంది. అప్పుడు నిజంగా నవ్వారు అందరూ, ఖాసిం గారితో సహా.

ఆ నాలుగింటిలో మూడు పెట్టలూ ఒక పుంజూ తేలాయని తెలియడానికి కొన్ని నెలలు పట్టింది. అన్నాళ్ళూ నాకు కుదురు లేదు. నాలుగూ పుంజులైతే కాకుమాను నుంచి గంపలో వచ్చిన ఆ నలుపు అక్కడితో సరి. పెట్టలు గుడ్లు పెట్టడం మొదలెట్టిన రోజున రమణమ్మ మొదటి గుడ్డు తెచ్చి నా చేతిలో పెట్టింది. పొదగేసుకోక నాకెందుకన్నాను. "ఇది వండుకో. తర్వాతవి మావి," అంది. ఖాసిం గారి ఫ్రిజ్ ఆ తర్వాత ఏళ్ళ తరబడి నడిచింది. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి బస్సుల్లో గుడ్లు తెచ్చేవాళ్ళు. ఎన్ని పెట్టారో, ఎన్ని పుట్టాయో, ఎన్ని ఎందుకు పోయాయో ఆయన గోడ మీదే రాసేవారు. పోయిన వాటి వరస ఎప్పుడూ చెరపలేదు.

చాలా ఏళ్ళ తర్వాత నేను తెనాలి డెస్కులో అదే ఇన్‌చార్జి కుర్చీలో ఉన్నాను. ఒక మధ్యాహ్నం రెండు గంటలకు రేపల్లె నుంచి మా విలేకరి పంపిన వార్త కంప్యూటరు తెర మీదికి వచ్చింది. "అశ్రునయనాల మధ్య ఫ్రిజ్ ఖాసిం అంత్యక్రియలు. కడసారి చూపు కోసం వందలాదిగా తరలివచ్చిన జనం." ఆయన పోయిన సంగతి నాకు అలా తెలిసింది. ఆ విలేకరికి ఫోన్ చేశాను.

"జనాజా ఎప్పుడు?"

"అసర్ నమాజు తర్వాత సార్, నాలుగున్నర దాటుతుంది. పేజీ త్వరగా కావాలన్నారని ముందే పంపాను. ఎటూ జరిగేదే కదా సార్."

అతని మీద కోపం రాలేదు. ఆ వార్తను పక్కన పెట్టి, ఆ స్థలం ఖాళీగా ఉంచమని చెప్పి, రేపల్లె బస్సెక్కాను. ఇంటి ముందు ఫాతిమా పిన్ని చుట్టూ ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు. రమణమ్మ వాళ్ళ మధ్యలో ఉంది. నన్ను చూసి, "వచ్చావా బాబూ, మీ బాబాయిని చూసుకో," అంది. ఖబరస్తానులో అందరితో పాటు ఆయన సమాధి గుంటలో మూడు గుప్పెళ్ళ మట్టి వేశాను. తిరిగి వచ్చేటప్పుడు ఖబరస్తాను గేటు పక్కన ఆగి, బయటికొచ్చే మనుషుల్ని ఒక్కొక్కరిగా లెక్కపెట్టాను. తెనాలి చేరేసరికి పేజీలో ఆ ఖాళీ అలాగే ఉంది. అంత్యక్రియలు జరిగాయని అప్పుడు రాశాను. వందలాది మంది రాలేదు. అరవై నలుగురు వచ్చారు. అరవై నలుగురు అనే రాశాను.